చిన్న గది తలుపు

"తప్పింట్లోకి రాలేదమ్మాయ్. ఇది మనిల్లే. లోపలికి రా," అన్నారు అత్తగారు.

ఆవిడ హాలు నడిమధ్య తన పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. హాల్లో ఆ కుర్చీ తప్ప ఇంకేం లేదు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తాళంచెవి ఇంకా తలుపుకే ఉంది. చెయ్యి ఇంకా తాళంచెవి మీదే ఉంది. పొద్దున తను ఆస్పత్రికి బయల్దేరినప్పుడు ఈ హాల్లో సోఫా ఉంది, గాజుబల్ల ఉంది, పుస్తకాల బీరువా ఉంది, గోడ నిండా ఫొటోలున్నాయి. ఇప్పుడు సోఫా ఉన్నచోట నేలమీద నాలుగు తెల్లటి గుర్తులు. ఫొటోలున్నచోట గోడమీద చదరాలు, చుట్టూ ఉన్న రంగు కంటే కాస్త కొత్తగా.

"దొంగలు పడ్డారా అత్తయ్యా?"

"దొంగలైతే పోయేముందు ఇల్లు ఊడ్చిపెట్టి పోతారా? నేల చూడు, అద్దంలా ఉంది."

ఆవిడ గొంతు ఖాళీ గోడలకి తగిలి ఇంకాస్త పెద్దదై వచ్చింది. ఉద్యోగమంతా రైల్వేస్టేషన్లో మైకు ముందు గడిపిన మనిషి. రైలు ఆలస్యమైనా, రద్దయినా, ప్లాట్‌ఫారం మారినా ఒకే గొంతుతో చెప్పడం అలవాటు. రిటైరై ఇన్నేళ్ళయినా ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా అదే గొంతు.

"మరి సామానంతా ఏమైంది?"

"నీ మొగుడు పంచిపెట్టాడు."

ఆ మాట ఆమెకి వినబడింది. అర్థం మాత్రం చెవి దగ్గరే ఆగిపోయింది.

పక్షవాతమొచ్చి మాట పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడం ఆమె ఉద్యోగం. ఇవాళ మధ్యాహ్నమే ఒక పెద్దాయనకి బొమ్మ చూపించి 'కుర్చీ' అనిపించడానికి చెమటలు పట్టాయి. ఆయన 'కుక్క' అన్నాడు, 'కుండ' అన్నాడు, చివరికి తన మీద తనకే నవ్వొచ్చి ఊరుకున్నాడు. పాపం, వస్తువు కళ్ళెదుటే ఉన్నా పేరు నోటికి రాదు. ఇప్పుడామెకి పేర్లన్నీ నోట్లోనే ఉన్నాయి. వస్తువులే లేవు.

వంటింటి వైపు నించి భర్త వచ్చాడు. వేళ్ళకి తెల్లగా లప్పం అంటుకుని ఉంది.

"వచ్చావా? ఒక్క నిమిషం. ఆ పరదాల కడ్డీ మేకు కన్నం ఒకటి మిగిలిపోయింది, పూడ్చేసి వస్తా."

సామాను పోవడం కంటే ఈ నిదానమే ఆమెకి ఎక్కువ తగిలింది. సాయంత్రం ఇంటికొచ్చిన భార్యతో రోజూ అనే మాటలాగే అన్నాడు. పైగా మొహం కడిగినంత తేటగా ఉంది. చాన్నాళ్ళయింది ఆ మొహం అలా చూసి.

"ఏం చేశారండీ మీరు?"

"కూర్చో, చెప్తాను."

"ఎక్కడ కూర్చోను?"

అత్తగారు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు.

"దీన్ని మాత్రం అడక్కండి. దీని జోలికొస్తే కుర్చీతోపాటు నన్నూ ఎవరికన్నా ఇచ్చెయ్యమని పొద్దున్నే చెప్పేశాను."

"అంటే మీకు పొద్దున్నించీ తెలుసా?"

వంటింటి గుమ్మంలో కూతురు కనబడింది. దానికి పదిహేడేళ్ళొచ్చాయి, కాలేజీలో ఉంది, అయినా చిన్నప్పటి పేరు పోలేదు, అందరికీ పిచ్చుకే. జుట్టు నిండా దుమ్ము. ముంజేతికి గాజులా టేపుచుట్ట. కాలేజీ బ్యాగు గోడకి ఆనించి ఉంది, పొద్దున ఎక్కడ పెట్టిందో అక్కడే.

"నువ్వు కాలేజీకి వెళ్ళలేదా?"

"నాన్న ఒక్కరే మోయలేరు కదమ్మా."

ఆమె కూతురి వంక, అత్తగారి వంక, మళ్ళీ భర్త వంక చూసింది. ముగ్గురూ ఒక వైపున్నారు. తను గుమ్మంలో ఉంది.

ఆమె తాళంచెవి లాగి, లోపలికొచ్చి, గోడకి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. భర్త కూడా ఎదురుగా కింద కూర్చున్నాడు. పిచ్చుక గుమ్మం వదల్లేదు.

"పోయిన నెల నేనొక పెద్దాయన ఇంటికి కొలతలకి వెళ్ళానన్నాను, గుర్తుందా?"

"ఆయన పోయారన్నారు. పిల్లలు ఇంట్లో మార్పులు చేయించుకుంటున్నారన్నారు."

"ఆ ఇల్లే. అంతవరకే చెప్పాను నీకు. నేను టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాను. వాళ్ళు పక్కగదిలో సామాను బయటికేస్తున్నారు. ఆయన చదువుకున్న పుస్తకాలు, ఆయన భార్య అల్లిన దుప్పట్లు, ఎవరెవరో ఇచ్చిన గిన్నెలు. ఒక్కటి విప్పి చూళ్ళేదు. కిటికీలోంచి కింద ట్రక్కులోకి విసిరేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకి ఆఫీసులున్నాయి, టైము లేదు. విసిరినప్పుడల్లా కింద ఢబ్బుమని చప్పుడు. నా కొలత తప్పిపోయేది. మళ్ళీ మొదట్నించీ కొలిచేవాణ్ణి."

అతను అల్మరాలూ, బీరువాలూ, వంటింటి అరలూ చేయించి బిగించే మనిషి. సొంత వర్క్‌షాపు. ఊళ్ళో సగం ఇళ్ళ లోపలి సంగతులు అతనికి తెలుసు, ఎవరి ఇంట్లో ఏ మూల ఏం కుక్కి ఉందో కూడా.

"ఇన్నాళ్ళూ నేను చేసిన పనేంటి? జనం వాడనివి జనానికే కనబడకుండా దాచిపెట్టడం. ఒక అర చేసిస్తే ఆర్నెల్లలో నిండిపోయి ఇంకో అర అడుగుతారు. మన ఇల్లూ అంతే. బతికున్నప్పుడే, నా చేత్తో, కావాల్సిన వాళ్ళకి ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చాను. సోఫా, వీధి మూలనున్న జుట్టు కత్తిరించే అతని షాపుకెళ్ళింది. పుస్తకాలు బడికి. గాజుబల్ల, గిన్నెలూ కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు ఇద్దరుముగ్గురు తీసుకెళ్ళారు. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, ఫ్రేములే ఇచ్చాను. పరుపులున్నాయి, పొయ్యి ఉంది, నలుగురికి సరిపడా కంచాలున్నాయి. నీ బొమ్మల కార్డులు ముట్టుకోలేదు."

"చాలా దయ చూపించారు."

"ఎత్తిపొడవకు."

"మరేం చెయ్యను? చప్పట్లు కొట్టనా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "నన్ను అడగాలనిపించలేదా మీకు? నేనూ ఈ ఇంట్లోనే ఉంటున్నాను కదా. ఆ గిన్నెలతో నేను వండాను. ఆ పరదాలు నేను కుట్టాను. నేను వద్దంటానని భయమా?"

"నువ్వు వద్దనవు."

"మరి?"

"ఆలోచిద్దాం అంటావు. ఆ మాట అన్నాక నువ్వు ఆలోచించగా నేనెప్పుడూ చూళ్ళేదు."

పిచ్చుక గుమ్మంలోంచి, "నాన్నా," అంది మెల్లిగా. చాలు అన్నట్టు.

ఆమెకి ఒళ్ళు మండింది. అబద్ధమైతే ఇంత మండేది కాదు. వంటింట్లో కారే కుళాయి దగ్గర్నించి, పిచ్చుకని ఏ కాలేజీలో చేర్చాలన్న దాకా, అన్నిటికీ ఆ మాటే వాడింది తను. అది వినేవాళ్ళకి ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తోచనేలేదు.

"సామాను మీద నాకంత మోజేం లేదు," అందామె. "సోఫా పోతే పోయింది. కానీ మీరు ముగ్గురూ కూర్చుని అనుకున్నారు. నేను లేనప్పుడు అనుకున్నారు. నేను రాత్రి మీకు అన్నం పెట్టాను, పొద్దున బాక్సు సర్దుకుని వెళ్ళాను. మీరందరూ నేను ఎప్పుడు గుమ్మం దాటతానా అని చూస్తూ కూర్చున్నారు. అది తలుచుకుంటుంటే నాకు… నాకు…"

మాట దొరకలేదు. ఆమె దగ్గరికొచ్చే రోగులు ఇలాగే గాల్లోకి చెయ్యి చాపి తడుముకుంటారు. అప్పుడు తొందర పెట్టకూడదని, మాట అందించకూడదని ఆమె వాళ్ళ ఇంటివాళ్ళకి నేర్పుతుంది. ఇక్కడ ఎవరూ అందించలేదు. ఎవరికీ ఆ మాట తెలీదు.

ఆమె లేచింది. మొహం కడుక్కుందామని లోపలికి నడిచింది.

నడవాలో అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. వెలుగు. ఈ నడవాలో పట్టపగలైనా దీపం వెయ్యాల్సిందే, అలాంటిది నేలమీద సాయంత్రపు ఎండ పొడుగ్గా పడి ఉంది. అంత వెలుగు ఎక్కణ్ణించొస్తోందో ముందు అర్థం కాలేదు. తలెత్తి చూసింది.

నడవా చివర చిన్న గది తలుపు తీసి ఉంది.

ఆ తలుపుకి ఏనాడూ తాళం లేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు. దాన్ని ఎవరూ తియ్యరు, అంతే. ఇంటికి కొత్తవాళ్ళొచ్చి 'ఆ గదేంటి' అంటే 'స్టోరు' అనేది ఆమె. ఆ గదికి పడమటి కిటికీ ఉందనీ, సాయంత్రం ఎండ నేరుగా లోపలికొస్తుందనీ మర్చిపోయింది. అసలు మర్చిపోయాననే సంగతి కూడా ఇప్పుడే తెలిసింది.

గోడ దగ్గరగా నడిచి గది ముందు ఆగింది.

లోపల ఏం లేదు. తీసి ఉన్న కిటికీ, గోడలకి లేత పసుపు రంగు. ఆమెకి ఏడో నెలలో అతనే వేశాడా రంగు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆమెని ఆ వాసనకి దగ్గరికి రానివ్వకుండా.

"ఉయ్యాలేదీ?" అంది.

ఎవరినీ చూసి అడగలేదు. భర్త ఆమె వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "ఉయ్యాల ఏం చేశావు నువ్వు?"

హాల్లో పడక్కుర్చీ కిర్రుమంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అతన్ని 'నువ్వు' అనలేదు. కోపంలో అనలేదు, ముద్దులో అనలేదు. పిచ్చుక నడవా మొదట్లో ఆగిపోయింది.

"ఇచ్చాను," అన్నాడతను.

"ఎవరికి?"

"నా ప్లైవుడ్ వ్యాను నడిపే కుర్రాడికి. రెండు వీధులవతల మందుల షాపు మీద ఉంటారు. వాళ్ళకి మొన్న బాబు పుట్టాడు."

"అది నాది."

"మనది. నేను చేశానది. టేకు ముక్కలు నేను ఏరాను."

"చేస్తే? చేసినవాడివని ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తావా? సోఫా ఇచ్చినట్టు, గిన్నెలిచ్చినట్టు? వాడిది అదొక్కటే ఉంది ఈ ఇంట్లో. నీకేం, నువ్వు వారం తిరక్కుండా వర్క్‌షాపుకి వెళ్ళిపోయావు. రంపం పట్టుకున్నావు. నేను ఇంట్లో పడి ఉంటే నువ్వు ఎవరికో బీరువాలు కోసుకుంటూ కూర్చున్నావు. నీకా ఉయ్యాల ఒక సామాను. నాకు…"

"నువ్వు దాన్ని ఎప్పుడు చూశావు?" అన్నాడతను.

"ఏంటి?"

"ఆ రోజు ఆస్పత్రి నించి వచ్చాక, ఈ తలుపు మూశాక, ఎప్పుడన్నా తీసి చూశావా?"

ఆమె కళ్ళు ఆ తలుపు మీదికి పోయాయి.

"నేను చూశాను. నువ్వు ఆదివారాలు రోగుల ఇంటివాళ్ళకి క్లాసు చెప్పడానికి వెళ్తావు కదా. నువ్వు వెళ్ళాక, పిచ్చుకని మా అమ్మతో కిందికి ఆటకి పంపి, తలుపు తీసేవాణ్ణి. ఉయ్యాల తుడిచేవాణ్ణి. కాసేపు కిటికీ తెరిచి కూర్చునేవాణ్ణి. కర్ర పగలకుండా ఏడాదికోసారి పాలిష్ పెట్టేవాణ్ణి. పాలిష్ వాసన నీకు తెలుస్తుందేమోనని ఆ వారమంతా వర్క్‌షాపు బట్టల్తోనే ఇంట్లో తిరిగేవాణ్ణి. నువ్వొచ్చేలోగా కిటికీ మూసేసి, తలుపు దగ్గరగా వేసేసేవాణ్ణి."

అతను ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. ఎవరింట్లోనో అర కొలతలు చెప్పినట్టు చెప్పాడు.

ఆమె ద్వారబంధం పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే మోస్తున్నాననుకుంది. ఈ మనిషి మర్చిపోయాడనుకుంది. మగాడు కదా, పనిలో పడితే అన్నీ పోతాయి అనుకుంది. ఆ కోపాన్ని కూడా ఈ గదిలాగే ఒక మూల ఉంచుకుంది, ఎప్పుడూ తియ్యకుండా. అన్నం వడ్డించేటప్పుడు, పక్కన పడుకునేటప్పుడు, అతను ఏదో జోకుకి నవ్వినప్పుడు, అది అక్కడుందని తెలుస్తూనే ఉండేది.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వీ నడవాలో నడిచేటప్పుడు మొహం గోడవైపు పెట్టుకుని నడుస్తావు. రోజూ. పిచ్చుక చెయ్యి పట్టుకున్నా, చేతిలో కాఫీ ఉన్నా. అలా నడిచే మనిషికి ఏమని చెప్పను?"

"నేనూ ఒకటి చెప్పనా?" అంది పిచ్చుక.

ఇద్దరూ తిరిగి చూశారు. దాని మొహం పాలిపోయి ఉంది. టేపుచుట్టని ముంజేతి మీద తిప్పుతోంది, తిప్పుతూనే ఉంది.

"నాకు తమ్ముడు పుట్టాడన్నారు. తర్వాత ఎవరూ ఏం చెప్పలేదు. ఆ గది దగ్గర ఆడుకుంటుంటే చప్పుడు చెయ్యకు, ఇటు రా అనేదానివి నువ్వు. అందుకని తమ్ముడు లోపల పడుకున్నాడనుకునేదాన్ని. చాలా రోజులు అలాగే అనుకున్నాను. లేస్తాడు, అప్పుడు చూపిస్తారు అనుకునేదాన్ని. బళ్ళో ఫ్రెండ్సుకి కూడా అదే చెప్పాను, మా తమ్ముడికి నిద్రెక్కువ అని."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు, ఆగుతోంది, మళ్ళీ దగ్గుతోంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు తండ్రి. అతనికీ ఈ సంగతి కొత్తే.

"నానమ్మని అడిగాను. నానమ్మ చెప్పింది."

హాల్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఎవరో ఒకరు చెప్పాలి కదా. వచ్చే రైలు రాదని తెలిసీ చెప్పకుండా జనాన్ని బెంచీల మీద కూర్చోబెట్టడం నాకు చేతకాదు."

ఆమె పిచ్చుక వైపు ఒక అడుగు వేసింది. పిచ్చుక కదల్లేదు, దగ్గరికి రాలేదు, వెనక్కీ పోలేదు. దానికి అప్పుడు ఆరేళ్ళు. జడ వేస్తూ, అన్నం కలిపి పెడుతూ, హోంవర్కు చేయిస్తూ రోజూ దాని మొహంలోకి చూసేది తను. చూసి కూడా ఇది చూళ్ళేదు.

ఏదో ఒకటి అనాలి. ఏమన్నా తప్పే అవుతుందనిపించింది. ఆమె పక్కకి తిరిగి హాలు దాటి వీధి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"తెచ్చుకుంటాను. నా ఉయ్యాల నేను తెచ్చుకుంటాను."

"పసివాడు పడుకుని ఉంటాడందులో. దింపి తెచ్చుకుంటావా?"

ఆమె ఆగలేదు.

"చెప్పులేసుకుని వెళ్ళమ్మాయ్," అన్నారు అత్తగారు. "కాళ్ళు చూసుకో."

చూసుకుంది. ఒట్టి కాళ్ళతో ఉంది. చెప్పుల స్టాండు కూడా పంచిపెట్టినట్టున్నారు, చెప్పులన్నీ గోడ వారగా వరుసలో ఉన్నాయి. తనవి ఏవో గుర్తుపట్టి వేసుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

వీధిలో జనం ఎప్పట్లాగే ఉన్నారు. అది ఆమెకి వింతగా అనిపించింది. పళ్ళ కొట్టు అమ్మాయి రోజూలాగే పలకరించింది. జుట్టు కత్తిరించే షాపులో, అద్దాల తలుపు వెనక, తమ సోఫాలో ఎవరో మనిషి కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. తనింట్లో ఉన్నంతకాలం ఆ సోఫాలో ఎవరూ అంత దర్జాగా కూర్చోలేదు. తల తిప్పుకోబోయి, మానేసి, ఒక్క క్షణం నిలబడి చూసి ముందుకి నడిచింది.

వెనకాల అతను వస్తున్నాడని తెలుసు. పక్కకి రావడం లేదు, దూరం పోవడం లేదు.

దారి పొడుగునా ఒక వాక్యం తయారు చేసుకుంది. 'పొరపాటున ఇచ్చారు, ఏమనుకోకండి, నేను తిరిగి తీసుకెళ్తాను.' రోగుల చేత చేయించినట్టే ముక్కలు చేసుకుంది. పొరపాటున ఇచ్చారు. ఏమనుకోకండి. నేను తిరిగి తీసుకెళ్తాను. మందుల షాపు పక్కన సన్నటి మెట్లు ఎక్కేటప్పుడు కూడా పెదాలు కదుపుతూనే ఉంది.

తలుపు తీసిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. జుట్టు ముడి సగం ఊడిపోయింది. భుజం మీద పాలు కక్కిన మరక. కళ్ళ కింద నిద్ర లేని నలుపు, అయినా నవ్వు మొహం.

"అక్కా, మీరు… అన్నగారి ఇంటావిడే కదా? రండి రండి. అన్నగారు చెప్పారు, 'మా ఆవిడే పంపించింది, ఎవరికన్నా పసివాడికి ఇవ్వమంది' అని. నేనే వచ్చి మీకు చెప్పాలనుకున్నాను, వీడు వదలడు."

ఆమె తయారు చేసుకున్న వాక్యంలో మొదటి మాట అక్కడే రాలిపోయింది.

ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ళ బిందెలు. నేలమీద పరుపు, పరుపు మధ్య చేతులు రెండూ పైకెత్తి లొంగిపోయినట్టు పడుకున్న పసివాడు. కిటికీ పక్కన ఉయ్యాల.

ఉయ్యాల నిండా బట్టలున్నాయి. ఉతికి ఆరేసినవి కుప్పగా పడి ఉన్నాయి. పసివాడి గుడ్డలు, వాళ్ళాయన ప్యాంట్లు, ఒక తువ్వాలు. బట్టలపైన ఒక ఉల్లిపాయల సంచీ. అంచు కర్రకి గొడుగు తగిలించి ఉంది.

ఆమె చూస్తూ ఉండిపోయింది.

ఆమె చూపు గమనించి ఆ అమ్మాయి గాభరాపడింది. "అయ్యో, ఏమనుకోకండి అక్కా. వీడు అందులో పడుకోడు. పెట్టడం ఆలస్యం, ఏడుపు. నా పక్కనైతేనే పడుకుంటాడు. మాకు బట్టలు పెట్టుకోడానికి ఏం లేదు, అందుకని… ఉండండి, తీసేస్తాను."

సంచీ తీసి కింద పెట్టింది. తువ్వాలు లాగింది. పాలిష్ పట్టిన టేకు అంచు బయటపడి, కిటికీ వెలుగులో ఎర్రగా మెరిసింది. పదకొండేళ్ళ ఆదివారాలు ఉన్నాయి ఆ మెరుపులో.

"ఉంచండి," అందామె. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "బట్టలు ఉంచండి. ఫర్లేదు."

అప్పుడే అతను గుమ్మం దగ్గరికొచ్చాడు. లోపలికి రావడానికి ఒక కాలి చెప్పు విప్పాడు. రెండోది విప్పబోతూ తలెత్తి ఉయ్యాలని చూశాడు. అలాగే ఆగిపోయాడు.

"మీరూ వచ్చారా అన్నగారూ? రండి. టీ పెడతాను." ఆ అమ్మాయి పొయ్యి వైపు తిరిగి గిన్నె అందుకుంది. ఊరుకుంటే బావుండదని ఏదో ఒకటి మాట్లాడింది. "'మా బాబుది' అన్నారు అన్నగారు, అంతే చెప్పారు. మీ బాబుకిప్పుడు ఎన్నేళ్ళక్కా?"

"మేం వెళ్తాంలే అమ్మా, పసివాడు లేస్తాడు," అన్నాడతను గబగబా.

"పదకొండు నిండేవి," అందామె.

గిన్నెలో నీళ్ళు పోస్తున్న ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. నిండాయి అనలేదు. నిండేవి అంది. ఆ తేడా గదిలోకి మెల్లిగా వచ్చి కూర్చుంది.

ఆమె భర్త వైపు చూసింది. అతను ఆమె వంక చూస్తున్నాడు, గుర్తుపట్టనివాడిలా. ఏళ్ళు లెక్కపెట్టుకుంటున్నది తనొక్కడేననుకున్నట్టున్నాడు.

ఆ అమ్మాయి గిన్నె కింద పెట్టింది. కళ్ళు ఉయ్యాల మీదికి పోయాయి, అక్కణ్ణించి తన కొడుకు మీదికి. అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. "అక్కా, బాబు ఇందులో…"

"లేదమ్మా. భయపడకు. వాడిందులో ఒక్కసారి కూడా పడుకోలేదు. ఆస్పత్రి నించి ఇంటికే రాలేదు."

ఈ మాటలు ఆమె ఎవరితోనూ అనలేదు. అత్తగారితో కాదు, కూతురితో కాదు, ఒకే పరుపు మీద పడుకునే మనిషితో కాదు. పేరు కూడా తెలియని పిల్ల ముందు, ఉల్లిపాయల వాసనలో, ఒక్కొక్కటీ వరుసగా వచ్చాయి.

ఆ అమ్మాయి మూలనున్న చాప తెచ్చి పరిచింది. "కూర్చో అక్కా," అంది. మీరు అనడం మానేసిందని తనకే తెలిసినట్టు లేదు.

ఆమె కూర్చుంది. "వాడికి మేం పేరు కూడా అనుకున్నాం. చెప్తాను," అంది. గుమ్మం వైపు చూసింది. "మీరూ రండి."

అతను రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇందాక ఇంట్లో ఉన్న తేటదనం ఆ మొహంలో లేదు. విప్పిన చెప్పు కోసం కాలితో తడుముకున్నాడు, అది దొరక్క, వంగి చేత్తో పట్టుకుని తొడుక్కున్నాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు. "నేను కింద ఉంటాను."

మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడింది. కింది మెట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగుతుందనుకుంది.

ఆగలేదు.

ఆమె మోకాళ్ళ మీద లేచి కిటికీలోంచి చూసింది. అతను వీధి మలుపు దాకా వెళ్ళాడు. కుడివైపు తిరిగితే ఇల్లు, ఎడమవైపు వర్క్‌షాపు. ఒక్క క్షణం నిలబడి, ఎడమవైపు తిరిగాడు.

"అన్నగారేరీ?" అంది ఆ అమ్మాయి.